నారు తీసి నాటిన బ్రదుకు – విలియం కేరీగారి జీవిత ధ్యానము

ధ్యాన భాగము: యిర్మీయా 29వ అధ్యాయము, 1 నుండి 14 వచనములు



వరి సాగుచేయు మనకు ఒక సంగతి బాగుగా తెలియును. నారుమడిలో పచ్చగా పెరిగిన నారును పీకి, కట్టలు కట్టి, వేరొక చేలో నాటిన వెంటనే అది తలయెత్తి నిలువదు. కొన్ని దినములు వాడి, పసుపువన్నెకు తిరుగును. వేరు క్రొత్త మట్టిని పట్టుకొనిన పిమ్మటనే పైరు మూన తిరుగును. కొన్ని మొక్కలు మూన తిరుగకయే చచ్చును. అట్టి మొక్కను చూచి రైతు దానిని తిట్టడు. నీరు చాలెనా, వేరు తెగెనా, నాటిన వేళ సరియైనదా అని తన్ను తానే ప్రశ్నించుకొనును.

పుట్టిన గడ్డను విడిచి పరదేశమునకు పోవు మనుష్యుల బ్రదుకును ఇట్టిదే. నేడు మన పల్లెలనుండి ఎందరో గల్ఫు దేశములకును, ఇంకను దూర దేశములకును కూలికి, డ్రైవరు పనికి, ఇంటి పనికి, నర్సు పనికి పోవుచున్నారు. సంఘ ప్రార్థనలో వారి పేర్లు చదువుచున్నాము. అయితే అక్కడ వారి మనస్సు ఎట్లున్నదో, ఏ దినమున వారు వాడిరో, ఏ దినమున వేరూనిరో మనము అడుగుట తక్కువ.

ఈ నెల ధ్యానమునకు విలియం కేరీగారి జీవితమును తీసికొందము. ఆయనను బైబిలును అనేక భాషలలోనికి తెచ్చిన పండితుడుగా మనలో చాలమంది ఎరుగుదురు. ఆయన పరదేశమునకు వలసవచ్చిన ఒక కుటుంబ యజమానుడు కూడ. ఇంగ్లండునుండి వచ్చి, 40 సంవత్సరములకు పైగా బెంగాలులో కాపురముండి, మరల పుట్టినూరు చూడక అక్కడి మట్టిలోనే కలిసెను. అదే ఓడలో ఆయనతో వచ్చిన ఆయన భార్య డొరొతీగారు ఆ మట్టిలో మూన తిరుగలేకపోయెను. ఈ ఇద్దరి కథను కలిపి చెప్పనిదే కేరీగారి కథ పూర్తికాదని మేము తలంచుచున్నాము.

పల్లెటూరి చెప్పులు కుట్టువాడు

కేరీగారు 1761వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన ఇంగ్లండులోని నార్తాంప్టన్ జిల్లాలో పాలర్స్‌పురి అను పల్లెలో పుట్టెను. తండ్రి ఎడ్మండ్ కేరీగారు మొదట మగ్గము నేసి, తరువాత ఆ ఊరి బడి పంతులాయెను. కుమారుడు పదునాలుగేండ్ల ప్రాయములో చెప్పులు కుట్టు పని నేర్చుకొనుటకు పొరుగూరిలో చేరెను. ఆ వృత్తిని మన దేశములో ఎంత నీచముగా చూచిరో మన సంఘములలోని పెద్దలు ఎరుగుదురు. తాను చెప్పులు కుట్టి బ్రదికినవాడనని చెప్పుకొనుటకు కేరీగారు ముసలితనములో గొప్ప అధికారుల నడుమ కూర్చుండినప్పుడు సహితము సిగ్గుపడలేదు.

1781వ సంవత్సరము జూన్ నెలలో ఆయన డొరొతీ ప్లాకెట్‌గారిని వివాహమాడెను. ఆమె ఆయనకంటె అయిదారేండ్లు పెద్దది. చదువు రానందున పెండ్లి పుస్తకములో సంతకమునకు బదులు గుర్తు పెట్టెను. పుట్టిన ప్రాంతమును దాటి ఎక్కువ దూరము పోయిన స్త్రీ కాదు. ఇంగ్లండులో ఉన్నప్పుడే ఇద్దరు ఆడబిడ్డలను మట్టి చేసి కడుపుకోత అనుభవించినది. భర్త పగలు చెప్పులు కుట్టి, బడి చెప్పి, రాత్రి దీపము దగ్గర లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకొనుచుండగా, ఆమె బీదకాపురమును నడుపుకొని వచ్చినది.

1792వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన కెట్టరింగ్ పట్టణములో కొద్దిమంది బాప్టిస్టు బోధకులు కూడి ఒక మిషనెరీ సొసైటీని స్థాపించిరి. మరుసటి సంవత్సరారంభములో, అంతకుముందే బెంగాలులో ఉండి వచ్చిన జాన్ తామస్ అను వైద్యునితో కలిసి కేరీగారిని ఆ దేశమునకు పంపుటకు నిర్ణయించిరి. కేరీగారు సంతోషముతో ఒప్పుకొనెను. ఇంటికి వచ్చి భార్యతో చెప్పగా ఆమె రానని చెప్పెను.

ఒప్పుకొనని భార్య, ఒప్పించిన త్వర

ఈ చోట మనము కొంత నిలిచి ఆలోచింపవలెను. డొరొతీగారు అప్పుడు నిండు గర్భిణి. చేతిలో ముగ్గురు చిన్న పిల్లలు ఉండిరి. సముద్ర ప్రయాణము అయిదారు నెలలు. పోయినవారు తిరిగి వచ్చుట అరుదు. ఫ్రాన్సు దేశముతో యుద్ధము మొదలైనందున సముద్రముపై శత్రువుల భయము కూడ ఉండెను. ఆమె కాదనుటను అవిశ్వాసమని కొందరు వ్రాసిరి. మన ఇంటి ఆడబిడ్డ అట్టి స్థితిలో ఉన్నయెడల మనము ఏమందుము?

కేరీగారు పెద్ద కుమారుడు ఫెలిక్సును మాత్రము వెంటబెట్టుకొని, మిగిలినవారిని తరువాత వచ్చి తీసికొనిపోవుదునని చెప్పి ఓడ ఎక్కెను. అయితే ఈస్టిండియా కంపెనీవారి అనుమతి లేనందునను, తామస్‌గారికి అప్పులవాండ్లు ఉన్నందునను, ఆ ఓడ కదలకముందే వారు దింపివేయబడిరి. ఆ మధ్యలో, 1793 మే నెలలో, డొరొతీగారికి కుమారుడు కలిగెను. అతనికి యబ్బేజు అని పేరు పెట్టిరి.

ఓడ తప్పుటవలన కేరీగారికి ఇంటికి వచ్చి భార్యను మరల అడుగు అవకాశము కలిగెను. ఆమె మరల కాదనెను. దారిలోనికి పోయిన తరువాత తామస్‌గారు వెనుకకు తిరిగి వచ్చి, ఇప్పుడు రాకపోయినయెడల కుటుంబము ఎప్పటికిని విడిపోవునని ఆమెను గట్టిగా భయపెట్టి ఒప్పించెను. ఆమె ఒక్క షరతు పెట్టెను. తన చెల్లెలు కిట్టీ తోడు రావలెనని కోరెను. చెల్లెలు సరే అనెను. త్వరత్వరగా సామాను సర్దుకొని, కొన్ని వారముల పసికందును ఒడిలో పెట్టుకొని, 1793 జూన్ 13వ తేదీన డోవరు రేవులో ఒక డేనిష్ ఓడ ఎక్కిరి. నవంబరు 11వ తేదీన కలకత్తా చేరిరి. అయిదు నెలలు వారి కాలు నేల తాకలేదు.

ఆ అయిదు నెలలలో కేరీగారు తామస్‌గారియొద్ద బెంగాలీ భాష నేర్చుకొనుట మొదలుపెట్టెను. ఆయన మనస్సు అప్పటికే అవతలి ఒడ్డున ఉండెను. డొరొతీగారి మనస్సు ఇవతలి ఒడ్డుననే ఉండిపోయెను. ఒకే ఓడలో పోయినవారందరు ఒకే ప్రయాణము చేయుదురని మనము అనుకొనరాదు.

మొదటి సంవత్సరపు అగచాట్లు

పరదేశమునకు పోవువానికి మొదట ఎదురగునది కూటి సమస్య. సొసైటీవారు ఇచ్చిన సరుకులను అమ్మి మొదటి సంవత్సరము గడుపుకొనవలెనని ఏర్పాటు. లెక్కలు చూచుకొనువాడు తామస్‌గారు. ఆయనకు సువార్తయందు ఆసక్తి మెండు గాని సొమ్ము నిలుపు నేర్పు లేదు. కొద్ది కాలములోనే చేతి డబ్బు అయిపోయెను. కలకత్తాలో ఉండలేక ఊరిబయట మాణిక్‌తలాలో ఒక బెంగాలీ ధనికుడు ఉండనిచ్చిన చిన్న ఇంటిలో తలదాచుకొనిరి. అక్కడ డొరొతీగారును, పెద్ద కుమారుడును రక్తవిరేచనములతో పడకపట్టిరి. క్రొత్త నీరు, క్రొత్త ఎండ, క్రొత్త తిండి. తామస్‌గారు పట్టణములో వైద్యము చేసికొనుచు బాగుగానే ఉండగా, తాము ఈ స్థితిలో ఉండుట ఆ అక్కచెల్లెండ్లకు మింగుడుపడలేదు. భర్తను నిష్ఠురములాడిరి. కేరీగారు తన దినచర్య పుస్తకములో తన ఒంటరితనమును వ్రాసికొని దేవునియెదుట కన్నీరు విడిచెను.

1794 ఫిబ్రవరిలో వారు పడవలో సుందరవనముల అంచున ఉన్న దేభట్ట అను చోటికి పోయిరి. అక్కడ అడవి నరికి సేద్యము చేసికొని బ్రదుకవచ్చునని కేరీగారి ఆలోచన. అది పులులు తిరుగు ప్రదేశము. వారియొద్ద తిండి అడుగంటిన సమయములో, కంపెనీవారి ఉప్పు వ్యాపారమును చూచు చార్లెస్ షార్ట్ అను ఇంగ్లీషువాడు వారిని తన ఇంటికి పిలిచి, ఎన్నాళ్లయినను ఉండుడని ఆదరించెను. అతడు కేరీగారి విశ్వాసముతో ఏకీభవించినవాడు కాడు. అయినను అన్నము పెట్టెను. పరదేశములో మనకు మొదట తలుపు తీయువాడు మన విశ్వాసి కానక్కరలేదు. వెదురు, చాప, మట్టితో ఇల్లు కట్టుకొనుచు, నేల చదును చేయుచు కేరీగారు ఆ కొన్ని నెలలు గడిపెను.

అంతలో జార్జి ఉడ్నీ అను దయగల కంపెనీ ఉద్యోగి ఉత్తర బెంగాలులోని ముద్నాబాటిలో తన నీలిమందు కార్ఖానాను చూచుటకు కేరీగారిని పిలిచెను. జీతము నెలకు 200 రూపాయలు. వారముల తరబడి నదులమీద పడవ ప్రయాణము చేసి 1794 జూన్ నెలలో అక్కడికి చేరిరి. అయితే కిట్టీ వారితో రాలేదు. ఆమె దేభట్టలోనే నిలిచి షార్ట్‌గారిని వివాహమాడెను. చెల్లెలు తోడుండవలెనని డొరొతీగారు పెట్టిన ఆ ఒక్క షరతు ఒక సంవత్సరము నిండకముందే తీరిపోయెను. చెల్లెలిని తప్పుపట్టుటకు లేదు. ఆమెకును ఒక బ్రదుకు కావలెను గదా. కాని డొరొతీగారికి తన పల్లె భాషలో, తన పల్లె సంగతులు మాటలాడుకొను ఆడతోడు లేకుండపోయెను.

ముద్నాబాటి: ఒకరు వేరూనగా ఒకరు ఒరిగిపోవుట

ముద్నాబాటిలో కేరీగారికి పని దొరికెను, ఇల్లు దొరికెను, భాష నేర్చుకొనుటకు మునిషీగా రామ్ రామ్ బసుగారు ఉండెను. నీలిమందు పని సంవత్సరములో ఇంచుమించు మూడు నెలలే భారముగా ఉండును. మిగిలిన కాలములో ఆయన బెంగాలీ చదివి, సంస్కృతము మొదలుపెట్టి, క్రొత్త నిబంధనను బెంగాలీలోనికి తిప్పుట ప్రారంభించెను. చుట్టుపట్ల ఊళ్లకు పోయి, కూలివారితో, రైతులతో వారి మాటలలోనే మాటలాడెను. తన పోషణకు ఇక సొమ్ము పంపనక్కరలేదని సొసైటీవారికి వ్రాసెను. కొడవళ్లు, నాగటి సామగ్రి, తోట విత్తనములు మాత్రము పంపుడని కోరి, వాటి వెల చెల్లింతునని తెలిపెను. ఇచ్చట ఆయన పల్లెటూరి పుట్టుక ఆయనకు మేలు చేసెను. మట్టిని ముట్టుకొననివాడు ఏ దేశమునందును త్వరగా వేరూనడు.

అయితే అదే సంవత్సరము అక్టోబరు నెలలో అయిదేండ్ల పీటరు జ్వరముతో చనిపోయెను. కేరీగారు కూడ అప్పటికే జ్వరముతో నీరసించి ఉండెను. కులపు కట్టుబాట్లవలన సమాధి త్రవ్వుటకును, పెట్టె మోయుటకును మనుష్యులు దొరకుట కష్టమాయెను. చావు ఇంటికి పదిమంది చేరుటయే దుఃఖములో సగము తగ్గించునని మన పల్లెలవారు ఎరుగుదురు. ఆ తలిదండ్రులకు ఆ పదిమంది లేరు.

ఈ దెబ్బతో డొరొతీగారి మనస్సు విరిగెను. 1795వ సంవత్సరమునుండి ఆమెకు మతిభ్రమ స్పష్టముగా కనబడెను. భర్త నడవడిమీద లేనిపోని అనుమానములు పెంచుకొని, వీధిలో వెంబడించి నిందించెడిది. కొన్ని సమయములలో ఆయన ప్రాణమునకు కూడ భయపడవలసి వచ్చెను. మధ్య మధ్య కొంత నెమ్మది కలిగినను వ్యాధి తిరిగి వచ్చెడిది. 1796లో మరియొక కుమారుడు, యోనాతాను, పుట్టెను. ఆ కాలములో మనోవ్యాధికి మందు ఇచ్చి బాగుచేయు వైద్యము లేదు. గదిలో ఉంచి కాపలా కాయుటయే ఎరుగుదురు. నేడు అది శరీర వ్యాధివంటి వ్యాధియే అనియు, దానికి చికిత్స ఉన్నదనియు మనకు తెలియును. ఆమె పాపమనియు, దయ్యమనియు, విశ్వాస లోపమనియు చెప్పువారి మాట వినకుడి.

ఆమెను పిచ్చాసుపత్రికి పంపుమని స్నేహితులు సలహా చెప్పిరి. అక్కడ రోగులను ఎట్లు చూచెదరో ఎరిగిన కేరీగారు ఒప్పుకొనక ఇంటనే ఉంచుకొనెను. ఆమె కేకలు ప్రక్క గదిలోనుండి వినబడుచుండగా ఆయన తర్జుమా పని సాగించెను. ఆయన ఓర్పును మనము మెచ్చుకొనవలసినదే. అయితే ఆ ఓర్పునకు ముందు, బయలుదేరునప్పుడు, ఆమె మాటను ఇంకను కొంత కాలము విని, తొందరింపక ఉండినయెడల బాగుండెడిదని మేము అనుకొనకుండ ఉండలేము. గొప్ప పని చేసినవారి ఇంటిలో ఆ పనికి వెల చెల్లించినవారు వేరుగా ఉందురు. వారి పేరు కూడ మనము తలచుకొనవలెను.

ఉత్తరములు

పరదేశములో మనుష్యుని నిలువబెట్టునవి ఇంటినుండి వచ్చు ఉత్తరములు. ఆ దినములలో ఉత్తరము ఓడలో అయిదారు నెలలు ప్రయాణము చేసెడిది. జవాబు రావలెనన్న సంవత్సరము. బెంగాలు చేరిన తరువాత ఏడాదికి పైగా కేరీగారికి ఇంగ్లండునుండి ఒక్క ఉత్తరమైనను అందలేదు. పీటరు చనిపోయిన కబురు వారు పంపినప్పుడు, దానికి ఓదార్పు మాట ఎప్పుడు వచ్చునో లెక్కకట్టుకొనుడి. తరువాత ఉత్తరములు వచ్చినను, నీలిమందు పనిలో పడి సువార్త పనిని మరువవలదని హెచ్చరిక కూడ వాటిలో ఉండెను. ఆకలి ఎరుగనివారు దూరమునుండి చేయు హెచ్చరిక ఎంత నొప్పించునో పరదేశములో ఉన్నవారిని అడుగుడి.

అయితే ఆయనకు ఒక ఉత్తరముల తోడు ఉండెను. ఆయన చెల్లెలు మేరీ, ఇంటిలో పాలీ అని పిలుచుకొనెడివారు, యౌవనములోనే పక్షవాతము తగిలి, దాదాపు 50 సంవత్సరములు మంచముమీదనే గడిపెను. చాల సంవత్సరములు మాటయు పడిపోయెను. కుడిచేయి మాత్రము కదలెడిది. ఆ చేతితోనే అన్నకు పొడుగాటి ఉత్తరములు వ్రాసి, అతని పనికొరకు ప్రార్థించుచుండెను. మంచము దిగలేని ఆమె సముద్రము దాటిన అన్నకు బలమాయెను. మన సంఘములలో ముసలితనమువలన గడప దాటలేనివారు మేము దేనికి పనికివత్తుమని నిరాశపడుచున్నారు. మేరీ కేరీగారి కుడిచేతిని జ్ఞాపకము చేసికొనుడి. నేడు ఉత్తరమునకు అయిదు నెలలు పట్టదు. చేతిలోని ఫోనులో ముఖమే చూడవచ్చును. అయినను డబ్బు పంపితివా అని అడుగుటకు తప్ప ఫోను చేయని ఇండ్లు లేకపోలేదు.

సేరంపూరు: పదిమంది కలిసిన ఇల్లు

1799లో మార్ష్‌మన్‌గారు, వార్డుగారు మొదలగువారు ఇంగ్లండునుండి వచ్చిరి. వచ్చినవారిలో ఒకరు మూడు వారములైనను గడవకముందే చనిపోయెను. కంపెనీవారు తమ సీమలో మిషనెరీలను ఉండనియ్యనందున, వారు హుగ్లీ నది ఒడ్డున డెన్మార్కువారి పాలనలోనున్న సేరంపూరులో దిగిరి. 1800 జనవరి 10వ తేదీన కేరీగారు కుటుంబముతో అక్కడికి చేరెను.

అక్కడ వారందరు ఒకే ఇంటిలో, ఒకే పంక్తిలో భోజనము చేయుచు, సంపాదనలన్నిటిని ఒకే సంచిలో వేసి బ్రదికిరి. శనివారము సాయంకాలము అందరు కూడి, ఆ వారములో ఒకరితో ఒకరికి కలిగిన మనస్పర్థలను విప్పి చెప్పుకొని సమాధానపడెడివారు. ఇది చిన్న నియమమువలె కనబడును. కాని పరాయి దేశములో చిన్న మాటలే పెద్ద గాయములగును. కోపమును వారము దాటనియ్యకుండుట ఎంతో తెలివి.

తల్లి జబ్బువలనను, తండ్రి తీరుబడి లేమివలనను కేరీగారి కుమారులు ఆలనాపాలనా లేక అదుపు తప్పి పెరిగిరి. వలసపోయిన ఇంటి పిల్లలు రెండు లోకముల నడుమ ఇట్లే చిక్కుకొందురు. హన్నా మార్ష్‌మన్‌గారు వారికి తల్లివలె తిండి, బట్ట, చదువు చూచెను. వార్డుగారు పెద్ద పిల్లలను స్నేహముతో దారికి తెచ్చి అచ్చు పని నేర్పెను. ఫెలిక్సు తరువాత బర్మా దేశమునకు సువార్త సేవకు పోయెను. ఈ చేయూత ముద్నాబాటిలోనే డొరొతీగారికి దొరికియుండినయెడల ఏమై ఉండునో ఎవరును చెప్పలేరు. దొరకలేదన్నది మాత్రము నిజము.

1800 డిసెంబరు 28వ తేదీన వడ్రంగి కృష్ణ పాల్‌గారు బాప్తిస్మము పొందెను. ఏడేండ్లు కనిపెట్టిన తరువాత వచ్చిన ఫలమిది. అదే దినమున ఫెలిక్సు కూడ హుగ్లీ నదిలో బాప్తిస్మము పొందెను. నది ఒడ్డున అంత సంతోషము కలిగిన వేళ, డొరొతీగారు మతిభ్రమతో ఒక గదిలో ఉండెను. అతి సంతోషముతో తామస్‌గారికి కూడ మతి తప్పినందున ఆయనను మరియొక గదిలో ఉంచిరి. సంఘ చరిత్రలోని గొప్ప దినముల వెనుక ఇట్టి మూసిన తలుపులు కూడ ఉన్నవి.

1801లో బెంగాలీ క్రొత్త నిబంధన అచ్చాయెను. ఆ సంవత్సరమే కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో కేరీగారికి బెంగాలీ బోధించు ఉద్యోగము కలిగెను. జీతము మొదట నెలకు 500 రూపాయలు, తరువాత 1000 రూపాయలు. తన ఖర్చునకు కొద్దిగా ఉంచుకొని తక్కినది ఉమ్మడి సంచిలో వేసెను. డొరొతీగారు 1807 డిసెంబరు 8వ తేదీన, దాదాపు 12 సంవత్సరములు ఆ వ్యాధితో బాధపడి, ప్రభువునందు నిద్రించెను. సేరంపూరు మట్టిలోనే ఆమె సమాధి ఉన్నది. బ్రదికియుండగా తనది కాని మట్టి చివరకు ఆమెను తీసికొనెను.

అగ్ని, తెలుగు, ఒక గడ్డిపువ్వు

కేరీగారు ఆంధ్రదేశమునకు ఎన్నడును రాకపోయినను మన భాష నేర్చి, తెలుగు వ్యాకరణము వ్రాసెను. 1812 మార్చి 11వ తేదీ సాయంకాలము సేరంపూరు అచ్చు కార్యాలయము కాలిపోయెను. అనేక భాషల అచ్చు అక్షరములతోపాటు ఆ తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు బూడిదయాయెను. ఆయన మరల మొదటినుండి వ్రాయగా అది 1814లో అచ్చాయెను. 1818లో సేరంపూరునుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. అదే సంవత్సరము స్థాపింపబడిన సేరంపూరు కళాశాల పేరు మన పాస్టరులలో అనేకుల వేదశాస్త్ర పట్టాలమీద నేటికిని ఉన్నది.

ఆయన ప్రతిదినము ఉదయము తన తోటలో నడచి ప్రార్థించుకొనెడివాడు. సుమారు అయిదు ఎకరముల ఆ తోటలో ఈ దేశపు చెట్లను, అన్య దేశపు మొక్కలను పెంచెను. 1820లో ఈ దేశమున వ్యవసాయ, తోటల సంఘమును స్థాపించుటకు పూనుకొనెను. 1823లో వరదలు ఆ తోటను పాడుచేయగా, తుంటి దెబ్బతో కర్రల సహాయమున నడచుచున్న ఆ ముసలివాడు దానిని మరల నాటించెను.

ఒకసారి ఇంగ్లండునుండి ఒక సంచిలో విత్తనములు వచ్చెను. విత్తనములు తీసికొనిన తరువాత సంచి అడుగున మిగిలిన మట్టిని ఆయన తోటలో నీడపట్టున దులిపెను. కొన్ని దినములకు అక్కడ చిన్న మొలక కనబడెను. అది ఇంగ్లండు పచ్చికబయళ్లలో ఎవరును నాటకుండ పూయు డెయిసీ అను గడ్డిపువ్వు. 30 సంవత్సరములకు పైగా ఆయన దానిని చూచి ఎరుగడు. చూతునని ఆశయు పెట్టుకొనలేదు. ఐరోపా విడిచిన తరువాత ఇంత నిర్మలమైన చిన్న సంతోషము తనకు కలిగినట్లు గుర్తులేదని ఆయన ఒక స్నేహితునికి వ్రాసెను. ఆ మొక్క మన వానలకు, ఎండలకు తాళదు గనుక సంవత్సరము సంవత్సరము విత్తనము పట్టి కాపాడుకొనెను.

ఈ సంగతి మమ్మును చాల ఆలోచింపజేసినది. ముప్పది యేండ్లకు పైగా బెంగాలీ మాటలాడి, బెంగాలు అన్నము తిని, ఆ జనులను తనవారిగా చేసికొనిన మనుష్యుడు ఒక గడ్డిపువ్వును చూచి పసివానివలె మురిసిపోయెను. క్రొత్త దేశములో వేరూనుటయనగా పాత ఊరిని మరచుట కాదు. జ్ఞాపకము చేసికొని కన్నీరు పెట్టుట బలహీనత కాదు.

వాక్యము మనకు నేర్పునది

బబులోనుకు చెరపట్టబడిన యూదులకు యిర్మీయా ప్రవక్త వ్రాసిన ఉత్తరమును ధ్యాన భాగములో చదువుడి. రెండు సంవత్సరములలో అందరు తిరిగి వత్తురని హనన్యా అను అబద్ధ ప్రవక్త చెప్పుచుండగా, యిర్మీయా అట్లు చెప్పలేదు. చాలకాలము పట్టును గనుక ఇండ్లు కట్టుకొనుడనియు, తోటలు నాటుకొనుడనియు, పిల్లలకు పెండ్లిండ్లు చేయుడనియు, మీరున్న పట్టణముయొక్క క్షేమము కోరి ప్రార్థించుడనియు తెలిపెను. కేరీగారు చేసినది ఇదియే. పని, ఇల్లు, భాష, తోట, పొరుగువారి మేలు, వీటితో ఆయన వేరూనెను.

అయితే 137వ కీర్తన కూడ ఆ బైబిలులోనే ఉన్నది. ఆ బబులోను నదుల ఒడ్డుననే కూర్చుండి, సీయోనును తలచుకొని, సితారాలను చెట్లకు తగిలించి ఏడ్చినవారి కీర్తన అది. తోట నాటినవారికి దేవుని గ్రంథములో చోటున్నట్లే, పాడలేక ఏడ్చినవారికిని చోటున్నది. కేరీగారు యిర్మీయా ఉత్తరము ప్రకారము జీవించెను. డొరొతీగారు 137వ కీర్తనలో జీవించెను. ఇద్దరిని దేవుడు ఎరిగియుండెను.

కాబట్టి ప్రియులారా, మన ఇండ్లనుండి ఎవరైనను పరదేశమునకు పోవునప్పుడు కొన్ని సంగతులు చూచుకొందము. పోవుటకు ఇంటిలో అందరి మనస్సు కలిసినదా అని అడుగుదము. ముఖ్యముగా ఆడబిడ్డ మాటను తీరుబడిగా విందము. చేతిలో సొమ్ము, అక్కడ పని, జీతము, వీటి లెక్క ఒకరి మాట నమ్మి కాక స్వయముగా చూచుకొందము. పోయినవారు అక్కడి భాష త్వరగా నేర్చుకొనవలెను, అక్కడి సంఘములో చేరవలెను, తోడు లేక ఒంటరిగా ఉండరాదు. మనస్సు నలిగినవారిని వైద్యునియొద్దకు తీసికొనిపోవుటకు సిగ్గుపడరాదు. ఇంట నిలిచినవారు డబ్బుకొరకే కాక మనిషికొరకు ఫోను చేయవలెను. అట్లే మన ఊరికి ఇటుకబట్టీలకు, కోతలకు, కట్టుబడి పనులకు ఇతర రాష్ట్రములనుండి వచ్చినవారును పరదేశులే. వారికి అన్నము పెట్టిన షార్టుగారివలె, వారి పిల్లలను చేరదీసిన హన్నా అమ్మగారివలె మనము ఉండగలమా?

కేరీగారు 1834 జూన్ 9వ తేదీన సేరంపూరులో ప్రభువునందు నిద్రించెను. ఆయన నాటినవి అనేక భాషలలో నేటికిని పండుచున్నవి. ఆయనకు స్తుతి చెల్లించునప్పుడు బెంగాలు మట్టిలోనే ఉన్న డొరొతీగారిని, చిన్న పీటరును కూడ జ్ఞాపకము చేసికొందము.

ప్రార్థన: ప్రభువా, దూర దేశములలో ఉన్న మా వారిని కాపాడుము. వేరూనినవారిని ఫలింపజేయుము. వాడిపోవుచున్నవారికి నీరు పోయు చేతులను పంపుము. మా నడుమనున్న పరదేశులకు మమ్మును ఆ చేతులుగా చేయుము. ఆమేన్.